కాపలా గుడిసె ముందర బూట్లు

నందిత మెట్లెక్కి వచ్చిన తీరు చూస్తే వెనకాల ఎవరో తరుముతున్నారనిపించింది. అనుప్రియ కిటికీలోంచి కిందికి చూసింది. వీధి ఖాళీగా ఉంది. మే నెల మధ్యాహ్నం రెండు గంటలకు ఒర్లియంపేటలో ఎవరు తిరుగుతారు?

"నరసింహన్ సార్ ఈయనేనా?" అని అడిగి, జవాబు రాకముందే కుర్చీలో కూర్చుంది. ముప్పై ఏళ్ళుంటాయి. చేతిలో గోధుమరంగు కవరు ఉంది. దాన్ని బల్ల మీద పెట్టకుండా ఒళ్ళోనే నొక్కి పట్టుకుంది.

నరసింహన్ పదిహేడేళ్ళు కోర్టులో దుబాసీగా పనిచేసినవాడు. సాక్షులు మూడు భాషల్లో ఆడిన అబద్ధాలను తన నోటితో తిరిగి చెప్పి చెప్పి విసిగిపోయి, ఆ ఉద్యోగం వదిలేసి, ప్రైవేటు డిటెక్టివ్ అని బోర్డు కట్టుకున్నాడు. అనుప్రియ ఆయన దగ్గర చేరి రెండేళ్ళయింది. ఆయన ఒక మనిషిని ఓదార్చడం ఆమె ఇంతవరకు చూడలేదు. ఆయన పొరబడటమూ చూడలేదు. ఆ రెండో దాని కోసమే మొదటిదాన్ని సహించేది.

"మా ఆయన సుధాకరన్" అంది నందిత. "కడలి కాపలా రేంజరు. ఏరు సముద్రంలో కలిసే చోటి నుంచి ఇరువైపులా వేట కూడదని హద్దు పెట్టిన సముద్రం ఉండాది కదా సార్, దానికి. తొమ్మిది దినాల కిందట పోయినాడు. సందకాడ కాపలా గుడిసె ముందర బూట్లు విడిచి, సముద్రంలోకి నడిచి పోయినాడంట. మరుసటి దినం కట్టుమరం వాళ్ళ వలలో దొరికినాడు."

"అంట అన్నావు. ఎవరన్నారు?"

"భువనేశ్ సార్. ఈయనకు పై ఆఫీసరు." కవరు అప్పుడు బల్ల మీదికి వచ్చింది. "లంచం తిని పడవల్ని హద్దులోకి వదలతా ఉండాడని ఈయన మీద పేరు లేని ఉత్తరం వచ్చిందంట. ఇంట్లో గొడవల వల్ల మనసు చెడి ప్రాణం తీసుకున్నాడని నన్ను సంతకం పెట్టమంటా ఉండారు. పెడితే ఆ లంచం ఫైలు మూసేస్తారు. పెట్టకపోతే విచారణ నడిపి దొంగ అని తేలుస్తారు. రేపు సాయంత్రం అయిదు లోపల చెప్పాల."

"ఇంట్లో గొడవ ఉందా?"

ఆ మాట ఇంకొంచెం మెత్తగా అడగొచ్చు కదా అనుకుంది అనుప్రియ.

"ఆ పొద్దున జరిగింది" అంది నందిత. "మూడు వారాలుగా ఆయన ఇంట్లో లేడు. పాపకు జ్వరం. వచ్చి అరగంట ఉండి మళ్ళీ బూట్లు తొడుక్కున్నాడు. పోయి ఆ సముద్రంలోనే పడి చావు అన్నాను. వాకిట్లో నిలబడి అన్నాను సార్. ఎదురింటోళ్ళు విన్నారు. ఆ మాట బాహూరులో మా అత్త అమ్మాయమ్మ దాకా పోయింది. ఆమె పాపను లోపలికి తీసుకొని నా మొగం మీద తలుపేసింది."

కవరు మీద అరచెయ్యి ఆనించి నందిత మళ్ళీ అందుకుంది.

"సంతకం పెడితే నా నోటితో చంపినానని నేనే రాసిచ్చినట్టు. పెట్టకపోతే ఆయన దొంగ. ఏ పక్కకు తిరిగినా గోడే. నాకు ఒకటే తెలియాల. ఆయన నా మాట వల్ల పోయినాడా?"

"వల్లనే అయితే అదే చెప్తాను. తట్టుకుంటావా?"

"చెప్పండి. తెలియకుండా ఉండేది తట్టుకోలేకుండా ఉండాను."

కవరులో సంతకం కాగితంతో పాటు శాఖవాళ్ళు తీసిన ఫోటో ఉంది. తడి ఇసుక, వెనకాల తాటాకు గుడిసె, ముందర ఒక జత బూట్లు. నరసింహన్ దాన్ని చాలాసేపు చూసి అనుప్రియకు ఇచ్చాడు. బూట్లు పక్కపక్కన పొందిగ్గా ఉన్నాయి. అయినా ఎక్కడో కంటికి నలుసులా ఉంది. మొనలు రెండూ ఒకదాన్నుంచి ఒకటి బయటికి, పొట్లాడుకున్నవాళ్ళలా విడిపోయి వంగి ఉన్నాయి. అది ఎందుకో ఆమెకు తోచలేదు.

"శవం కాళ్ళకు మేజోళ్ళు ఉన్నాయా?" అని అడిగాడు నరసింహన్.

"ఉన్నాయి. రెండు కాళ్ళకూ. నేనే తీసినాను."

"బతికున్నప్పుడు బూట్లు విప్పితే మేజోళ్ళు ఏం చేసేవాడు?"

"విప్పి బూట్లలోనే కుక్కేవాడు. కంపు కొడతాయని ఎన్నిసార్లు తిట్టినా అంతే."

"కాగితం మీద సంతకం పెట్టకు. రేపు నాలుగింటికి తేంగాయితిట్టు రేవుకు రా. ఆ బూట్లు నీకు ఇచ్చేశారా? వాటిని కూడా తీసుకురా."

*

అది వేట నిషేధం నడుస్తున్న కాలం. చేపలు గుడ్లు పెట్టే నలభై అయిదు దినాలు ఇంజిన్ పడవ ఏదీ సముద్రంలోకి పోకూడదు. మర్నాడు పొద్దున తేంగాయితిట్టులో పడవలన్నీ ఒడ్డెక్కి, పక్కలకు ఒరిగి, కొత్త రంగు వేయించుకుంటున్నాయి. నీళ్ళలో కదులుతున్నది ఒక్కటే, శాఖవాళ్ళ తెల్ల పడవ. దాన్ని ఒక షెడ్డు ముందర కట్టారు.

పడవ నడిపే గురు రేవు అంచునే కూర్చుని తాడు అల్లుతున్నాడు. నలభై ఏళ్ళ మనిషి, పుట్టింది జాలరి పల్లెలో. అతనిది తమిళం. ఆరేళ్ళు సుధాకరన్‌తో తిరిగి ఆ ఇంటి తెలుగు పట్టుకున్నాడు.

"మాకు అణ్ణనే సార్ ఆయన" అన్నాడు లేచి నిలబడి. "నా చేతి కూడు తిన్నాడు, నేను ఆయన చేతి కూడు తిన్నాను. ఇట్లా చేస్తాడని ఎవరు కలగన్నారు?"

నరసింహన్ పడవలోకి కాలు పెట్టబోయాడు.

"సార్, చెప్పులు" అన్నాడు గురు, తప్పు చేసినవాడిలా నవ్వుతూ. "పడవ మాకు తల్లి. చెప్పు కాలు పెట్టకూడదు. సుధాకరన్ అణ్ణ కూడా విప్పే ఎక్కేవాడు."

నరసింహన్ విప్పాడు. అనుప్రియ తన చెప్పులను ఆయన చెప్పుల పక్కన రేవు రాళ్ళ మీద పెట్టింది. అంతలో భువనేశ్ జీపు దిగి వచ్చాడు. ముప్పై అయిదేళ్ళ ఆఫీసరు, ఇస్త్రీ నలగని చొక్కా. బూట్లతోనే టకటకా పడవలోకి దిగాడు. గురు చూపు ఆ బూట్ల మీదే ఉంది.

"మీరు టైం వేస్ట్ చేస్తున్నారు మిస్టర్ నరసింహన్. క్లియర్ కేస్ అది. ఆ రోజు ఈ పడవ రేవు దాటనే లేదు, ఇంజిన్ రిపేరు. మనిషి బూట్లు విప్పి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు."

"పడవ తాళం చెవులు ఎన్ని?"

"మూడు. నా దగ్గర ఒకటి, గురు దగ్గర ఒకటి, రిపేరు చేసే షెడ్డులో ఒకటి."

"మీకు పడవ నడపడం వచ్చా?"

"ట్రైనింగులో నేర్పారు." అప్పుడు అతనికి ప్రశ్న అర్థమైంది. మొహం బిగిసింది. "ఇంకేమైనా ఉంటే రాతపూర్వకంగా అడగండి."

అతను దిగి వెళ్ళగానే గురు చెంబుతో సముద్రం నీళ్ళు ముంచి, బూట్లు ఆనిన చోట మూడుసార్లు పోశాడు. ఎవరికోసమో చేసినట్టు లేదు. ముక్కు తుడుచుకున్నంత మామూలుగా చేశాడు.

షెడ్డు యజమాని అణ్ణాదురై అప్పుడు వచ్చాడు. ఒర్లియంపేటలో తాతల నాడు స్థిరపడిన తెలుగు వర్తకుల ఇంటివాడు. చేపలు కొంటాడు, మంచుగడ్డ అమ్ముతాడు, పడవలు బాగుచేయిస్తాడు. తోలు చెప్పులతోనే పడవ అంచుమీద కాలు మోపి నిలబడ్డాడు.

"ఏంది సార్, మన వీధాయన మా షెడ్డు దాకా వచ్చినాడు? చచ్చినోడి కోసం దుబాసీ పనా? వాడు ఏ బాషలో చెప్తాడు మీకు?"

"ఇంజిన్ ఎప్పుడు బాగైంది?"

"ఆ దినం మధ్యాన్నమే అయిపోయింది. పొద్దు వాలినాక షెడ్డు మూసుకొని నేను ఇంటికి పోయినా. తాళం చెవి మేకుకు తగిలించి ఉండాది. యాడికి పోతాది?"

"ఆ చెవి ఎవరైనా తీసుకోవచ్చన్నమాట."

"తీసుకుంటే నన్నేం చేయమంటారు? నా మీద పెట్టాలనుకుంటే పెట్టండి. ఆ సుధాకరన్ నా పడవలు రెండు పట్టించినాడు. వాడు పోయినాడని నేనేమీ పస్తు పడుకోలా."

అతని వెనకే గురు చెంబు మళ్ళీ నీళ్ళలో మునిగింది.

నరసింహన్ ఇంజిన్ పక్కన గొంతుకూర్చుని అడుగు పలక మీద అరచేత్తో తట్టాడు. అనుప్రియ కూడా వంగి చూసింది. పడవ పాతది. రంగు పెచ్చులు లేస్తోంది. ఆ ఒక్క పలకకు మాత్రం ఆరు ఇత్తడి మరలు కొత్తగా మెరుస్తున్నాయి.

చేపల వేలం పాకలో రంగమ్మాళ్ ఒక్కతే బుట్ట ముందర కూర్చుని ఉంది. నిషేధం దినాల్లో కట్టుమరాలు తెచ్చే నాలుగు చేపలే బేరం. డెబ్బై ఏళ్ళ మనిషి, నలభై ఏళ్ళుగా అదే చోటు.

"శవం యాడ దొరికింది అవ్వా?" అని అడిగాడు నరసింహన్.

"తెక్కాల." చేయి దక్షిణానికి చూపింది. "గుడిసెకు నాలుగు మైళ్ళు. నేను అప్పుడే అన్నా, ఇదేంది వింత అని. ఈ నెలల్లో నీళ్ళు వడక్కు పోతాయి, ఉత్తరానికి. వాన కాలం వచ్చినాకనే తెక్కకు తిరిగేది. గుడిసె కాడ మునిగినోడు ఉత్తరాన తేలాల. ఈయన ఎదురు ఈదినాడా, చచ్చినాక?"

"ఈ మాట ఆఫీసరుకు చెప్పలేదా?"

"ఆఫీసరు నన్ను అడగలా. చేప ధర అడిగినాడు."

"ఆ సాయంత్రం ఏమైనా వినిపించిందా?"

"ఒక ఇంజిన్ చప్పుడు. నిషేధం దినాల్లో ఇంజిన్ యాడిది? సర్కారు పడవే అనుకున్నా. అదొక్కటే కదా పోయేది."

బయటికి వచ్చాక అనుప్రియ అడిగింది. "ఎవరో పడవలో తీసుకెళ్ళి పడేశారు. చెవులు మూడు, మనుషులు ముగ్గురు. అణ్ణాదురైయేనా సార్?"

"వాడు మంచివాడు కాదు" అన్నాడు నరసింహన్. "మంచివాడు కాకపోవడం, చంపడం, రెండూ వేరు. నువ్వు పొద్దున చెప్పులు ఎక్కడ విప్పావు?"

ఆమె నడుస్తున్నదల్లా ఆగిపోయింది. ఆయన ఆగలేదు.

*

నాలుగింటికి అందరూ పడవలో ఉన్నారు. నరసింహన్ కావాలనే పడవను రేవు నుంచి మూరెడు దూరంగా తాడు వదిలి కట్టించాడు. కూర్చున్నాక లేచి వెళ్ళాలంటే గంతేయాల్సిందే. ఒక పక్క భువనేశ్, ఎదురుగా అణ్ణాదురై, ఇంజిన్ దగ్గర గురు. ఇన్‌స్పెక్టరు ఒకాయన ముందు పలక మీద ఇరుక్కుని కూర్చున్నాడు. రేవు మీద ఇద్దరు కానిస్టేబుళ్ళు. పడమటి ఎండ మొహాన కొడుతోంది. నందిత గుడ్డసంచి విప్పి, నరసింహన్ చెప్పినట్టే, భర్త బూట్లను పడవ అంచు పలక మీద పెట్టింది.

"అయిదింటికి నాకు సంతకం కావాలి" అన్నాడు భువనేశ్.

"అయిదు దాకా అక్కర్లేదు" అన్నాడు నరసింహన్. "సుధాకరన్ నడిచి సముద్రంలోకి పోలేదు. గుడిసె దగ్గర పోయినవాణ్ణి ఈ కాలపు నీళ్ళు ఉత్తరానికి తీసుకుపోతాయి. అతను దక్షిణాన దొరికాడు. అంటే పడవలో తీసుకుపోయారు. ఆ సాయంత్రం నీళ్ళమీద ఇంజిన్ ఉన్నది ఈ పడవకే. చెవి ఉన్నవాళ్ళు మీరు ముగ్గురు. అణ్ణాదురై, నీ సంగతి ముందు చూద్దాం. నీ పడవలు రెండు పట్టించాడు. ఆ పేరు లేని ఉత్తరం–"

ఆయన ఆగాడు. గురు అణ్ణాదురై వైపే చూస్తూ, తల తిప్పకుండానే చేయి చాచి బూట్లను తీశాడు. ఒంగి వాటిని రేవు రాళ్ళ మీద పెట్టాడు. చేతిని పంచెకు తుడుచుకున్నాడు.

"ఎందుకు తీశావు గురూ?"

"పడవ మీద పెట్టకూడదు సార్."

"ఆ రోజు కూడా అందుకేనా?"

 గురు సగం లేచాడు. రేవుకేసి చూశాడు. ఒక్క గంతు దూరం. అక్కడ కానిస్టేబుళ్ళు లేచి నిలబడ్డారు.

"ఫోటో చూడండి" అన్నాడు నరసింహన్, దాన్ని ఇన్‌స్పెక్టరుకు అందిస్తూ. "ఎడమ బూటు కుడి పక్కన ఉంది, కుడిది ఎడమ పక్కన. మొనలు బయటికి వంగి ఉన్నది అందుకే. తన బూట్లు తాను విప్పుకున్నవాడు అట్లా పెట్టడు. పడిపోయి ఉన్న మనిషి కాళ్ళకు ఎదురుగా కూర్చుని లాగినవాడి కుడిచేతికి అతని ఎడమ బూటు వస్తుంది. వచ్చిన చేతివైపే పెట్టాడు. మేజోళ్ళు వదిలేశాడు, ఎందుకంటే వాటితో అతనికి పని లేదు. అతనికి పనల్లా తోలుతోనే. ఒక మనిషిని కొట్టి, మోసుకుపోయి, సముద్రంలో పడేయడానికి సిద్ధపడ్డవాడు, అంత తొందరలో ఆగి బూట్లు ఎందుకు విప్పుతాడు? తోలు చెప్పులతోనే పడవ అంచున నిలబడే అణ్ణాదురై విప్పడు. భువనేశ్ గారు ఇప్పుడు కూడా బూట్లతోనే కూర్చున్నారు."

భువనేశ్ కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు.

"శవానికైనా సరే, బూట్లుంటే పడవ ఎక్కించలేని మనిషి ఈ ముగ్గురిలో ఒక్కడే. ఆత్మహత్యలా కనిపించాలని కూడా అతను అనుకోలేదు. అలవాటు కొద్దీ విప్పాడు, మరిచిపోయాడు. మర్నాడు ఆఫీసరుగారే దానికి అర్థం కల్పించి పెట్టారు."

"ఎందుకు చంపుతాడు?" అన్నాడు భువనేశ్. గొంతులో ఇంగ్లీషు పోయింది.

నరసింహన్ తలూపాడు. ఇన్‌స్పెక్టరు ఇంజిన్ పక్కన వంగి, జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి, ఆరు మరలు విప్పి, పలక ఎత్తాడు. కింద రెండు గోనెలు. ఒకదాని మూతి విప్పితే నల్లగా ఎండి గట్టిపడిన, బొటనవేలంత సముద్ర దోసకాయలు, ఇక్కడివాళ్ళు సముద్రపు జలగలనేవి. హద్దు లోపలి రాళ్ళమీద పాకే జీవాలు. పట్టడమే నేరం, విదేశాల్లో తినేవాళ్ళకు అపురూపం. గోనెల మీద ఎర్రరంగులో అణ్ణాదురై షెడ్డు గుర్తు ఉంది.

"కాపలా పడవను ఎవరూ వెతకరు" అన్నాడు నరసింహన్. "మంచి ఉపాయం. అదీ, ఆ పేరు లేని ఉత్తరమూ నీవే కదా అణ్ణాదురై?"

అణ్ణాదురై గోనెల మీది ఎర్ర గుర్తు నుంచి చూపు తిప్పుకున్నాడు.

"ఒక్కసారే అన్నాడు సార్ ఈ అణ్ణాదురై" అన్నాడు గురు. నేలచూపులు చూస్తూనే మాట్లాడాడు. "ఒక్కసారి మోసినా. రెండోసారి వద్దంటే, నువ్వే ఆఫీసరుకు చెప్పుకో పో అని నవ్వినాడు. అప్పటినుంచి దిగేదానికి దారి లేదు. సుధాకరన్ అణ్ణ ఆ దినం ఆ పలక చూసినాడు. గుడిసె కాడికి పడవ తీసుకొని రా అని ఫోన్ చేసినాడు. రేపు పొద్దున నువ్వే పోయి ఒప్పుకో, నేను చెప్పను, నీతో కూడా వస్తాను అన్నాడు. వద్దు అణ్ణా, నా కొలువు పోతాది, జైలు అని కాళ్ళు పట్టుకున్నా. లే గురూ అన్నాడు. లేస్తా ఉంటే తెడ్డు చేతికి తగిలింది. ఒక్క దెబ్బే. చచ్చిపోయినాడనే..."

"చావలేదు" అన్నాడు నరసింహన్. "తల దెబ్బ రాళ్ళకు తగిలిందనుకున్నారు గానీ, ఊపిరితిత్తుల్లో ఉప్పునీళ్ళున్నాయని శవపరీక్ష చేసిన డాక్టరు రాశాడు. నువ్వు పడేసేటప్పుడు ఊపిరి ఉంది."

అనుప్రియ ఆయన మొహం చూసింది. ఆ మాట చెప్పకపోయినా కేసుకు లోటు లేదు. ఆయన చెప్పాలనే చెప్పాడు. గురు రెండు చేతులూ తల మీద పెట్టుకుని ముందుకు వంగిపోయాడు.

నరసింహన్ భువనేశ్ వైపు తిరిగాడు. "మీరు హంతకులు కారు. చూడటం చేతకాని మనిషి. దానికి చట్టంలో శిక్ష లేదు. ఆ కాగితం మీరే చింపండి." తరవాత నందితతో అన్నాడు. "నీ మాట వల్ల కాదమ్మా. దొంగతనం కనిపెట్టినందుకు పోయాడు. దొంగకు ఒక రాత్రి గడువిచ్చినందుకు పోయాడు."

నందిత తలూపలేదు. గురు దగ్గరికి వచ్చి, అతని మోకాళ్ళ ఎదురుగా కూర్చుంది.

"నా గురించి ఏమైనా అన్నాడా?"

గురు తల మీది చేతులు దించాడు. ఆమె ఇంటి తెలుగులోనే చెప్పాడు.

"నేను రాంగానే వంజిరం చేప యాడ దొరుకుతాది గురూ అని అడిగినాడక్కా. మా తమ్ముడు కట్టుమరంలో తెస్తాడు, పోయేటప్పుడు ఇప్పిస్తా అన్నా. ఇంట్లో మా అమ్మి కోపంగా ఉండాది, వంజిరం తీసుకపోతే కోపం సగం తగ్గతాది, మిగతా సగం తిన్నాక తగ్గతాది అని నవ్వినాడు. ఆ తరవాతనే పలక సంగతి ఎత్తినాడు."

"ఇక పదండి" అన్నాడు ఇన్‌స్పెక్టరు లేస్తూ. పడవ ఊగింది.

నరసింహన్ చేయి అడ్డం పెట్టాడు. "ఉండండి. ఆమె ఇంకా అడుగుతుంది."

"ఎంత తీసుకుంటానన్నాడు?" అంది నందిత.

"ఒక కిలో."

"ఇద్దరికీ ఒక చిన్న బిడ్డకూ కిలో ఎందుకు?" అంది. "ఎప్పుడూ ఇంతే ఈయన. ఎంత తేవాలో తెలియదు, ఎవరినీ అడగడు."

అప్పుడు ఏడ్చింది. ఇన్‌స్పెక్టరు గడియారం చూసుకున్నాడు. నరసింహన్ అడ్డం పెట్టిన చేయి దించలేదు.